తుపాను గదికి తలుపు: రెక్క కన్నా ముందు చూడవలసినవి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగా తీరం దాటిన మర్నాడు, మా వీధిలో ఊడిపడిన తలుపులను నేను కొంత ఆసక్తితోనే పరిశీలించాను. వాటిలో విరిగినవి తక్కువ. ఎక్కువ చోట్ల రెక్క చెక్కుచెదరకుండా నేల మీద పడి ఉంది. దాని పక్కన నాలుగు పొట్టి స్క్రూలతో సహా ఊడివచ్చిన టవర్ బోల్టో (కడ్డీ జరిపే గడియ), సిమెంటు పెళ్లలతో పాటు గోడ నుంచి పెకలివచ్చిన ద్వారబంధమో కనిపించేది. మా బాల్కనీ తలుపుదీ అదే కథ. దానిని బిగించిన వడ్రంగి ఏనుగు వచ్చి తోసినా కదలదని చెప్పిన మాటలో అబద్ధం లేదు, ఎందుకంటే ఆయన చెప్పింది టేకు రెక్క గురించే తప్ప దానిని పట్టుకుని ఉన్న గడియ గురించి కాదు.

ఇంట్లో ఒక గదిని తుపాను సమయంలో తలదాచుకోవడానికి వీలుగా గట్టిపరచుకోవాలని అనుకునేవారు ఇప్పుడు మన నగరంలో ఎక్కువగానే కనిపిస్తున్నారు. స్వంత ఇళ్లలో స్టోర్ రూము, మెట్ల కింది గది, అపార్టుమెంట్లలో నడిమి స్నానాలగది ఇందుకు సాధారణంగా ఎంపికవుతాయి. పైన కాంక్రీటు శ్లాబు, చుట్టూ లోపలి గోడలు, పెద్ద కిటికీలు లేకపోవడం వాటికి ఉన్న అనుకూలత. అటువంటి గదిలో బలహీనమైన చోటు దాదాపు ఎప్పుడూ తలుపే కాబట్టి, దానిని ఎలా ఎంచుకోవాలన్న విషయానికే ఈ వ్యాసాన్ని పరిమితం చేస్తున్నాను.

అంతకన్నా ముందు ఒక షరతు ఉన్నది. మీ ఇల్లు సముద్రపు ఒడ్డున పల్లంలో ఉన్నా, గెడ్డ (వాగు) పక్కన ఉన్నా, అధికారులు ఖాళీ చేయమన్నప్పుడు ఖాళీ చేయవలసిందే. ఆ ఇంటికి ఎంత మంచి తలుపు పెట్టినా ప్రయోజనం ఉండదు. హుద్‌హుద్ సమయంలో విశాఖ రేవులోని కొలమానం మామూలు పోటు మట్టానికి పైన సుమారు 1.4 మీటర్ల ఉప్పెనను నమోదు చేసింది. 90 సెంటీమీటర్ల వెడల్పు గల తలుపు వెలుపల అర మీటరు లోతు నీరు నిలిస్తే, ఆ నీరు తలుపును సుమారు 110 కిలోల బరువుతో నెడుతుంది. లోతు రెట్టింపై ఒక మీటరుకు చేరితే ఆ నెట్టుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అంటే దాదాపు 450 కిలోలు. లోపలికి తెరుచుకునే తలుపును ఆ నీరు బద్దలు కొట్టవచ్చు. బయటికి తెరుచుకునే తలుపును లోపలున్న మనుషులు ఇక తెరవలేరు. కాబట్టి ఇక్కడ నుంచి చెప్పేదంతా నీరు చేరని మెరక ప్రాంతపు ఇళ్లకు, లేదా పై అంతస్తులకు మాత్రమే వర్తిస్తుంది.

గాలి వేసే బరువు

గాలి తాకిడిని లెక్కించడానికి మన దేశంలో ఇంజనీర్లు ఐ.ఎస్. 875 అనే భారత ప్రమాణపు మూడవ భాగాన్ని అనుసరిస్తారు. అందులో విశాఖపట్నానికి ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. వేగాన్ని వేగంతో హెచ్చించి, దానిని 0.6తో హెచ్చిస్తే చదరపు మీటరుకు పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. మన లెక్కలో అది 1500 న్యూటన్లు, సుమారు 153 కిలోల బరువుతో సమానం. సుమారు మూడడుగుల (90 సెంటీమీటర్ల) వెడల్పు, ఏడడుగుల (2.1 మీటర్ల) ఎత్తు ఉన్న మామూలు తలుపు మీద అది దాదాపు 290 కిలోలవుతుంది. ఇంటికి పెద్ద కంతలు పడినప్పుడు ఎదుటి వైపు నెట్టుడుకు అవతలి వైపు పీల్పు తోడై, ఒత్తిడి ఒకటిన్నర రెట్ల దాకా పెరుగుతుందని అదే ప్రమాణం సూచిస్తుంది. అప్పుడు తలుపు మోసేది 435 కిలోలు.

తుపాను తరువాత కూడా పనిచేయవలసిన ఆశ్రయ భవనాలు, ఆసుపత్రుల వంటి వాటికి, తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపల ఈ మూల వేగాన్ని మరో 1.3 రెట్లు పెంచి లెక్కించాలని 2015 నాటి సవరణ చెబుతుంది. ప్రాణాలు కాపాడుకోవడానికి కడుతున్న గదిని నేను కూడా ఆ వర్గంలోనే చేర్చుతాను. అప్పుడు వేగం సెకనుకు 65 మీటర్లు, చదరపు మీటరుకు ఒత్తిడి దాదాపు 258 కిలోలు, ఒకటిన్నర రెట్ల లెక్కన తలుపు మొత్తం మీద ఏడు వందల కిలోల పైచిలుకు. మీ ఇంజనీరు గది ఉన్న ఎత్తును, చుట్టుపక్కల కట్టడాలను బట్టి దీనిని సవరిస్తారు. అయితే వెల్డింగ్ షాపుకు వెళ్లేముందు మనసులో ఉంచుకోవలసిన బరువు ఏ పాటిదో ఈ అంకె తెలియజేస్తుంది.

ఇప్పుడు ఆ బరువు ఎక్కడికి పోతుందో చూడండి. రమారమి సగం బందుల (కీళ్ల) వైపు, సగం గడియ వైపు చేరుతుంది. బందుల వైపు మూడు బందులు పంచుకుంటాయి. గడియ వైపు మధ్యలో ఒక్క టవర్ బోల్టే ఉంటే, ఆ మూడు వందల యాభై కిలోలను అదొక్కటే, దాని స్క్రూలతో, మోయాలి. పైగా తుపాను గాలి ఒకే తీరున నెట్టదు. గంటల తరబడి విసురుగా తోసి, వదిలి, మళ్లీ తోస్తుంది. తుపాను కన్ను మీ మీదుగా పోతే, కాసేపు నిమ్మళించి ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. అంతవరకు లోపలికి నెట్టిన గాలి ఇప్పుడు బయటికి లాగుతుంది. అందువల్ల తలుపు రెండు వైపులా పట్టు కలిగి ఉండాలి, స్క్రూలు వదులయ్యే ఏర్పాటు ఎక్కడా ఉండకూడదు.

అమెరికాలో టోర్నడో గదుల కోసం పరీక్షించిన తలుపుల గురించి చదివి, అవే తెప్పించాలని అడిగేవారు కూడా ఉన్నారు. అక్కడి ఐసీసీ 500 ప్రమాణం, తీవ్రత అత్యధికంగా ఉండే ప్రాంతాలకు, గంటకు 400 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకుంటుంది, 6.8 కిలోల కొయ్యదుంగను గంటకు 160 కిలోమీటర్ల వేగంతో తలుపు మీదికి ప్రయోగించి చూస్తుంది. టోర్నడో కొద్ది నిమిషాలలో దాటిపోతుంది, మన తుపాను రోజులో సగం ఉంటుంది. ఆ తేడా చిన్నది కాదు. కానీ ఆ ప్రమాణంలో ఒక నియమాన్ని మనం అప్పనంగా తీసుకోవచ్చు: రెక్క, ద్వారబంధం, బందులు, బోల్టులు అన్నీ కలిపి ఒకే సరుకుగా పరీక్షకు నిలవాలి, పరీక్షలో నెగ్గిన రెక్కను తెచ్చి వేరే బోల్టు బిగిస్తే ఆ పరీక్ష చెల్లదు. దుకాణదారు కాగితం చూపినప్పుడు అడగవలసిన ప్రశ్న ఇదే. అగ్నినిరోధక తలుపుకు ఇచ్చిన ధ్రువపత్రాన్ని చూపి ఇదీ అంతే గట్టిదని చెబితే నమ్మవద్దు. అది మంటను ఎంతసేపు ఆపుతుందో చెప్పే పత్రం, ఎగిరివచ్చే రేకును ఆపుతుందని కాదు.

లోపలికా, బయటికా

తలుపు ఎంపికలో అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం ఇదే. చాలామంది దీనిని మేస్త్రికి వదిలేస్తారు, మేస్త్రి అలవాటు ప్రకారం పెట్టేస్తారు.

బయటికి తెరుచుకునే రెక్కను గాలి బయటి నుంచి నెట్టినప్పుడు, రెక్క వెనక్కి వెళ్లి ద్వారబంధపు అంచుకు ఆనుకుంటుంది. బరువును చుట్టూ ఉన్న అంచు మోస్తుంది, బోల్టులకు పెద్దగా పని ఉండదు. గాలి విషయంలో ఇది మేలైన పద్ధతి. అయితే గాలి నిమ్మళించాక తలుపు తెరవబోతే, బయట బీరువాయో, కూలిన ఇటుకలో, ఊడిపడిన కిటికీ చట్రమో అడ్డుపడితే లోపలున్నవారు బందీలవుతారు. లోపలికి తెరుచుకునే రెక్కకు ఆ ప్రమాదం లేదు; బయట ఏమి పడినా లోపలికి లాక్కుని బయటపడవచ్చు. కానీ గాలి నెట్టుడంతా బోల్టుల మీద, బందుల మీద పడుతుంది. ఇళ్లలోని గదులకు లోపలికి తెరుచుకునే తలుపులే మేలని సాధారణంగా చెప్పేది ఈ బందీ అయ్యే ప్రమాదం కారణంగానే.

నా అభిప్రాయంలో, గది ఇంటి నడుమ ఉండి, కనీసం ఎనిమిదడుగుల పొడవు ఉంటే లోపలికి తెరుచుకునే తలుపు పెట్టి, బోల్టుల మీద ఎక్కువ ఖర్చు చేయడం సరైన దారి. ఇంటి నడుమ గది తలుపును గాలి నేరుగా తాకేది బయటి కిటికీలు, తలుపులు పోయిన తరువాతే కనుక, బోల్టులకు కొంత వెసులుబాటు ఉంటుంది. అపార్టుమెంటు స్నానాలగది విషయం వేరు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గదిలో రెక్క లోపలికి తిరగడానికే సగం చోటు పోతుంది. అయిదుగురు కూర్చున్నాక దానిని తెరవడం సాధ్యం కాదు. అక్కడ బయటికి తెరుచుకునే తలుపు తప్పదు. అటువంటప్పుడు తలుపు ఎదుటి నడవాలో ఫ్రిజ్జు, బీరువా, చెప్పుల స్టాండు వంటి పడిపోయే వస్తువేదీ ఉంచకూడదు, లోపల ఒక గునపం, ఒక రంపం తప్పనిసరిగా ఉంచాలి. బందుల పిన్నులు బయటి వైపే ఉంటాయి కాబట్టి, వాటిని ఊడదీసి బయటపడే అవకాశం కూడా లోపలున్నవారికి ఉండదని గుర్తుంచుకోవాలి.

పెరట్లో విడిగా కట్టిన గది అయితే నేను ఇంకో అడుగు ముందుకు వేసి, తలుపు ఎటు తెరిచినా సరే, మనిషి దూరేంత రెండవ దారి ఒకటి వేరే గోడలో, లోపలి నుంచి బిగించే ఇనుప మూతతో, పెట్టమని చెబుతాను. పక్కకు జరిపే తలుపుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు: శిథిలాల సమస్య వాటికి తక్కువ, కానీ పట్టాల మీద నుంచి తప్పిపోతే అంతా పోయినట్టే. రోలింగ్ షట్టరు అసలు వద్దు. గాలి నెట్టుడుకు షట్టరు మధ్యలో వంగి, రెండు పక్కల గాడుల నుంచి బయటికి వచ్చేస్తుంది.

రెక్క, బందులు, బోల్టులు

ఇప్పుడు ఇళ్లలో స్నానాలగదులకు పెడుతున్న పీవీసీ తలుపు ఈ పనికి పనికిరాదు. ఫ్లష్ డోరులో లోపల బోలుగా ఉండేవి, చెక్కముక్కలతో నిండుగా ఉండేవి అని రెండు రకాలు ఉన్నాయి. నిండు రకమైనా సరే, ఎగిరివచ్చే సిమెంటు రేకు అంచుకు ఎంతవరకు నిలుస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. టేకు పలకల తలుపు చూడడానికి భారీగా ఉంటుంది గాని, చట్రం మధ్య బిగించిన పలకలు సన్ననివి. అద్దం ఉన్న ఏ తలుపూ వద్దు.

నేను సూచించేది ఇనుప రెక్క: రెండు వైపులా 2 మిల్లీమీటర్ల రేకు, నడుమ అడ్డంగా, నిలువుగా వెల్డింగ్ చేసిన చదరపు గొట్టాలు. రేకు మందాన్ని గేజిలలో కాకుండా మిల్లీమీటర్లలోనే రాయించండి. గేజి పట్టికలు ఒకటికి రెండు వాడుకలో ఉన్నందువల్ల ఒకే అంకె రెండు మందాలను సూచించవచ్చు. రేకును కాలిపర్‌తో కొలిచి తీసుకోవడం మంచిది. గాజువాక ఆటోనగర్‌లో కాని, మరెక్కడైనా కాని, ఇనుప పని బాగా తెలిసిన మేస్త్రి దీనిని అవలీలగా చేయగలడు. ఈ రెక్క రేకుల బరువే దాదాపు 59 కిలోలు. లోపలి గొట్టాలు కలిస్తే ఎనభై దాటవచ్చు. కనుక అరంగుళం స్క్రూల మీద వేలాడే మామూలు బందులు కుదరవు. మూడు బందులు, అవి కూడా రెక్కకూ ద్వారబంధానికీ వెల్డింగ్ చేసిన, లావు పిన్ను గల రకం కావాలి. ఇంట్లోని పెద్దవారు ఒంటరిగా ఆ రెక్కను తెరవగలరో లేదో షాపులోనే నిలబెట్టి చూడాలి.

బోల్టుల విషయంలో ఎక్కడా బేరం ఆడవద్దు. పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి, మొత్తం మూడు; 16 మిల్లీమీటర్ల గట్టి కడ్డీ, ద్వారబంధం లోపలికి కనీసం 25 మిల్లీమీటర్లు దూరాలి. కడ్డీ దూరే రంధ్రం ఇనుప ద్వారబంధంలోనే ఉండాలి. స్క్రూలతో అంటించిన పట్టీలో కాదు. ఒకే పిడి తిప్పితే మూడూ కదిలే ఏర్పాటు సౌకర్యంగా ఉంటుంది, చీకట్లో పొరపాటు జరగదు. ముసలివారున్న ఇంట్లో అదే మంచిది. విడివిడిగా ఉన్న మూడు బోల్టుల్లో ఒకటి బిగుసుకుపోయినా మిగతా రెండూ పనిచేస్తాయి. చేతిలో సత్తువ ఉన్నవారింట్లో నేను దీనికే మొగ్గుతాను. ఏ పద్ధతి అయినా లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. హుద్‌హుద్ తరువాత నగరంలో చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు, అందువల్ల కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే తాళాన్ని ఈ తలుపు దగ్గరకు రానీయవద్దు. పై బోల్టు ఇంట్లో అందరికన్నా పొట్టివారి చేతికి అందే ఎత్తులో ఉండాలి.

రెక్క మొత్తం గాలి చొరకుండా మూసుకుపోతే లోపల గంటల కొద్దీ కూర్చున్నవారికి ఊపిరాడదు. కింద అంగుళం సందు వదిలేస్తే సరిపోతుందని కొందరు మేస్త్రులు అంటారు, కానీ ఆ సందు నుంచే వాననీరు కొడుతుంది. గాలి దారిని తలుపులో కన్నా గోడలో, అవతలి నుంచి ఇనుప రేకు మరుగుతో పెట్టించడం మేలు. ఆ దారి ఉన్నదని గదిలో స్టవ్వు గాని, జనరేటరు గాని పెట్టవద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, దానివల్ల నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

గోడలో పట్టు

ఇదంతా చేసి, ద్వారబంధాన్ని సగం ఇటుక గోడకు రావల్ ప్లగ్గులతో (స్క్రూ కోసం గోడలో దూర్చే ప్లాస్టిక్ గొట్టాలతో) బిగిస్తే, మా వీధిలో చూసిన దృశ్యమే మళ్లీ చూడవలసి వస్తుంది. కొత్తగా కట్టేవారికి పని సులువు: తలుపుకు రెండు పక్కలా కాంక్రీటు స్తంభాలు పోయించి, పైన లింటెల్‌తో కలిపి, ద్వారబంధపు హోల్డ్‌ఫాస్టులను (గోడలో దిగే ఇనుప పట్టీలను) కడ్డీలకు కట్టి ఒకేసారి కాంక్రీటు వేయించాలి. లోపల బోలుగా ఉండే వంచిన రేకు ద్వారబంధాన్ని తెచ్చుకుంటే, ఆ బోలు అంతా కాంక్రీటుతో నింపించాలి. లేకపోతే బోల్టు కడ్డీ దూరిన చోట రేకు చిరిగిపోతుంది.

పాత ఇంట్లో నాలుగున్నర అంగుళాల గోడ ఉంటే, మొదట గోడనే గట్టిపరచవలసి ఉంటుంది, కాబట్టి స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపకుండా మొదలుపెట్టవద్దు. తొమ్మిదంగుళాల గోడలో కూడా యాంకర్ బోల్టు ఇటుకల మధ్య మసాలాలో పడితే పట్టు ఉండదు. అంచు నుంచి దూరంగా, ఇటుక మధ్యభాగంలోనే, రసాయన యాంకరుతో (రంధ్రంలో జిగురు నింపి పట్టు కలిగించే బోల్టుతో) బిగించాలి. ఒక్కో పక్క నాలుగుకు తగ్గకుండా ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. బిగించిన వారం తరువాత ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఇద్దరు దిట్టమైన మనుషులు బయటి నుంచి గడియ వైపు భుజంతో నెడుతుంటే, లోపలి నుంచి ఇంకొకరు టార్చి వేసి ద్వారబంధానికీ గోడకూ నడుమ గీత కదులుతున్నదేమో చూడాలి. ఇద్దరి భుజబలానికే వెంట్రుకంత చీలిక కనబడితే, తుపానుకు అది నిలవదని తెలిసిపోయినట్టే.

ఉప్పుగాలి

విశాఖలో ఇనుమును తినేది సముద్రం. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలో గ్రిల్లులు ఎంత తొందరగా పొరలు పొరలుగా రాలిపోతాయో ఇక్కడివారికి కొత్తగా చెప్పనవసరం లేదు. వీలుంటే వెల్డింగ్ అంతా ముగిశాక రెక్కను, ద్వారబంధాన్ని వేడి జింకులో ముంచి గాల్వనైజ్ చేయించండి. అందుకు వీలు కాకపోతే ఎపాక్సీ ప్రైమరు, దానిమీద రెండు పూతల రంగు. రెక్క అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు వదలకపోతే, లోపల చేరిన తేమ బయటికి కనిపించకుండానే గొట్టాలను తినేస్తుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు పెట్టదలిస్తే 316 రకం తీసుకోండి. మామూలు ఇనుముకు అవి నేరుగా తగిలిన చోట ఇనుము ఇంకా త్వరగా తుప్పు పడుతుంది కనుక, నడుమ నైలాన్ వాషరు ఉండాలి. ఏటా సెప్టెంబరులో, తుపానుల కాలానికి ముందు, మూడు బోల్టులనూ తీసి, గ్రీజు పూసి, లైటు ఆర్పి చీకట్లో తెరిచి మూసి చూడాలి.

తలుపు వేసుకున్నాక దానిని ఎప్పుడు తెరవాలన్నది చివరి విషయం. హుద్‌హుద్ నాడు గాలి ఒక్కసారిగా ఆగినప్పుడు చాలామంది అయిపోయిందనుకుని వీధుల్లోకి వచ్చారు. అది తుపాను కన్ను, దాని వెనక ఎదురు దిక్కు నుంచి వచ్చిన గాలి మళ్లీ అంత తీవ్రంగానూ ఉన్నది. నగరంలోనే ఉన్న తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటన రేడియోలో వినేదాకా, ఎంత నిశ్శబ్దంగా ఉన్నా బోల్టు తీయవద్దు. తీసేముందు గుమ్మం సందులో టార్చి వేసి, బయట నీరు నిలిచి ఉన్నదేమో చూడాలి. నీరు కనిపిస్తే అందులో తెగిపడిన కరెంటు తీగ ఉండవచ్చన్న అనుమానంతోనే మసలాలి, లోపల నుంచి మెయిన్ స్విచ్చు అందుబాటులో ఉంటే దానిని ఆపివేసి, ఆ తరువాతే కింది బోల్టు తీయాలి.